సంకర చోదకం: ఒక జోస్యం

బాపట్లలో హైబ్రిడ్ అన్న మాట వినగానే జనానికి స్ఫురించేది విత్తనం. 1945 నుండి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు కదా! దేశమంతా సాంబమసూరి అని వండుకునే బియ్యానికి అసలు పేరు బీపీటీ 5204. ఆ మూడక్షరాలు ఈ ఊరివే, 1986లో ఇక్కడినుండే విడుదలయింది. చిత్రమేమిటంటే, అది సంకరణం వల్ల పుట్టినదే అయినా హైబ్రిడ్ కాదు. రకాలను కలిపి, తరం తరువాత తరం ఏరి, గుణాలు స్థిరపడ్డాక రైతు చేతికిచ్చిన వంగడం. దాని గింజను రైతు మళ్ళీ విత్తుకోవచ్చు. హైబ్రిడ్ విత్తనమైతే ఏటా కొట్టుకు వెళ్ళి కొనుక్కోవలసిందే. డీజిలుకూ విద్యుత్తుకూ ముడివేసిన వాహనాలను చూసినప్పుడు కూడా నా మనసు ఈ భేదం దగ్గరికే పోతుంది. ఏ కలయిక స్థిరపడినది, ఏది పక్కపక్కన కట్టిన జోడు?

ఇసుకలోనూ బురదలోనూ దూసుకుపోగల పికప్ బండి మన దేశంలో రేపు ఏ రకం సంకర చోదకంతో వస్తుందన్నది నేను కొంతకాలంగా వేసుకుంటున్న లెక్క. జోస్యం చెప్పేవాడు ముందు గతం చెప్పి నమ్మకం కలిగించాలంటారు కనుక, గతంతోనే మొదలుపెడతాను.

2016 జూలైలో మహీంద్రా వారు స్కార్పియోకు ఇంటెల్లి-హైబ్రిడ్ అని ఒక ఏర్పాటు తగిలించారు. ట్రాఫిక్కులో ఆగితే ఇంజను ఆగడం, బ్రేకు వేస్తే పోయే శక్తిలో కాస్తంత బ్యాటరీకి చేరడం, బయలుదేరేటప్పుడు చిన్న తోపు. ఇంధనం ఏడు శాతం దాకా ఆదా అన్నారు. ఇటువంటి స్వల్ప హైబ్రిడ్‌లకు కేంద్రం ఇస్తూ వచ్చిన ప్రోత్సాహకం 2017 ఏప్రిల్ నుండి ఆగిపోయింది. అదే ఏడు జూలైలో వచ్చిన జీఎస్టీ, పెద్ద హైబ్రిడ్ కార్లను మామూలు పెద్ద కార్ల వరుసలోనే కూర్చోబెట్టింది. ప్రోత్సాహకం కోసం పుట్టిన సంకరం ప్రోత్సాహకంతోనే పోయింది. ఏటా కొనుక్కోవలసిన విత్తనమంటే ఇదే మరి!

తరువాతి అడుగు టయోటాది. హైలక్స్ పికప్ 2022లో మన దేశానికి వచ్చింది. 2.8 లీటర్ల డీజిలు ఇంజను, 204 అశ్వశక్తి, ఆటోమేటిక్ గేర్లలో 500 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం. అదే ఇంజనుకు 48 వోల్టుల మోటారు తగిలించి 2025 జూన్‌లో ఫార్చ్యూనర్‌ను నియో డ్రైవ్ అన్న పేరుతో ఇక్కడ విడుదల చేశారు. విదేశాల హైలక్స్‌లో అంతకు ముందే ఆ ఏర్పాటు ఉన్నది. బెల్టుతో తిరిగే ఆ మోటారు బలం 12 కిలోవాట్లు, 65 న్యూటన్ మీటర్లు. బ్యాటరీ బరువు 7.6 కిలోలు, దాని చోటు వెనుక సీటు కింద. 700 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడిచే శక్తిని మాత్రం వదులుకోలేదు. ఇది చిన్న విషయం కాదు. వానాకాలంలో మన డ్రెయిన్లు పొంగినప్పుడు దారి మీద నీరు మోకాలు దాటడం అరుదేమీ కాదు.

కనుక నా మొదటి జోస్యం సులువైనది. ఇక్కడికి వచ్చే తరువాతి పికప్‌లలో మొదట కనబడేది ఈ 48 వోల్టుల స్వల్ప సంకరమే. మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో 2016 నుండి తయారవుతున్న ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్‌కూ ఇదే దారి అనుకుంటాను. ఇసుజు వారు 2024లో బ్యాంకాక్‌లో పూర్తి విద్యుత్ డి-మాక్స్‌ను చూపించారు, ముందొక మోటారు, వెనుకొక మోటారు. అది మన పల్లెదారులకు చేరడానికి చాలాకాలం పడుతుంది.

కష్టమైన జోస్యం రెండవది. 'గట్టి' బండి అనిపించుకోవాలంటే 12 కిలోవాట్లు చాలవు. అక్కడ రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి బీవైడీ షార్క్‌ది. మోటార్లే ప్రధానం, 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను ఎక్కువగా వాటికి కరెంటు వండిపెట్టే వంటమనిషి. 29.58 కిలోవాట్ గంటల బ్యాటరీ, మొత్తం మీద 321 కిలోవాట్ల బలం. కాగితం మీద కళ్ళు చెదిరే అంకెలు! కానీ దానిలో లో-రేంజ్ గేరు లేదు. రెండవ సంప్రదాయం టయోటా టకోమా, ఫోర్డ్ రేంజర్ ప్లగ్-ఇన్‌లది. ఇంజనుకూ గేరుపెట్టెకూ నడుమ మోటారును ఇరికిస్తారు. రేంజర్‌లో ఆ మోటారు 75 కిలోవాట్లు, బ్యాటరీ 11.8 కిలోవాట్ గంటలు, ఇంజనుతో కలిపి 690 న్యూటన్ మీటర్లు.

బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంక ఇసుకలో ఈ రెండింటినీ ఊహించుకుని చూడండి. రెండున్నర టన్నుల బండికి మంచి రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగానికి రెండు మూడు కిలోవాట్లు చాలు. మెత్తటి ఇసుకలో చక్రాన్ని పట్టి లాగే బలం బండి బరువులో అయిదో వంతు అనుకుంటే, అదే వేగానికి 40 కిలోవాట్లు కావాలి, అదీ ఎడతెరపి లేకుండా. ఆ లెక్కన 11.8 కిలోవాట్ గంటల బ్యాటరీ పావుగంటకు కాస్త పైన. పెద్ద బ్యాటరీ అయితే ముప్పావుగంట. ఆ తరువాత మిగిలేది ఇంజనే. అప్పుడు ఇంజను పెద్దదా చిన్నదా అన్నదే ప్రశ్న.

రేగడి బురద తీరు వేరు. అక్కడ వేగం లేదు, కదలిక కావాలి. టర్బో డీజిలుకు ఊపు రావడానికి ఇంజను కొంత తిరగాలి. మోటారుకు ఆ అవసరం లేదు, నిలుచున్నచోటనే పూర్తి బలమిస్తుంది. ఆ మోటారు గేరుపెట్టెకు ముందు ఉంటే, దాని బలాన్ని కూడా లో-రేంజ్ సుమారు రెండున్నర రెట్లు పెంచుతుంది. ఇరుసు మీద కూర్చున్న మోటారుకు ఆ భాగ్యం లేదు. అందుచేత నా పందెం రెండవ సంప్రదాయం మీద: పెద్ద ఇంజను, నడుమ మోటారు, మధ్యరకం బ్యాటరీ. స్థిరపడిన వంగడం అది.

ఈ లెక్కలన్నీ కాలక్షేపానికే మొదలుపెట్టాను. అవి నిజంగా ఒకరికి అక్కరకు వచ్చే సందర్భం ఈ మధ్య తటస్థించింది. రేపల్లె అవతల వనామీ చెరువులు చేసే మా మేనల్లుడు వచ్చి, "అరెకరం అమ్మి బండి తీసుకుందామనుకుంటున్నా మామయ్యా. ఇప్పుడే డీజిలుది కొనమంటావా, హైబ్రిడ్ వచ్చేదాకా ఆగమంటావా?" అన్నాడు. బండి మోజు కాదు వాడిది. కిందటేడు ఒక రాత్రి కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది, ఏరేటర్లు ఆగాయి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. వెలుగు వచ్చేసరికి ఒక చెరువు రొయ్య గట్టు వెంబడి చేరి చచ్చింది. హైబ్రిడ్ పికప్ తనలోని కరెంటును బయటికి ఇస్తుందని ఎక్కడో విని, దానితో ఏరేటర్లు తిప్పవచ్చునా అని వాడి ఆశ.

ఆశ అర్థంలేనిది కాదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచుతుపానులో కరెంటు పోయినప్పుడు కొందరు ఫోర్డ్ ఎఫ్-150 హైబ్రిడ్‌తోనే ఇల్లు నెట్టుకొచ్చారు. రేంజర్ కూడా 6.9 కిలోవాట్లు ఇస్తుంది. రెండు అశ్వశక్తుల ఏరేటరు కిలోవాటున్నర అనుకుంటే నాలుగు తిరగాలి. అయితే ఆ 6.9 రెండు ప్లగ్గులకు సగం సగం పంచినది, అదీ సింగిల్ ఫేజ్. వాడి ఏరేటర్లన్నీ త్రీ ఫేజ్. ఒక్కొక్క దానికీ వీఎఫ్‌డీ పెట్టెను బిగిస్తే తప్ప అవి తిరగవు. పైగా ఫోర్డ్ వారు మన దేశంలో కార్ల తయారీ మానుకుంటున్నట్టు 2021లోనే ప్రకటించారు. ఇక్కడ ముందుగా వస్తుందని నేను చెప్పిన 48 వోల్టుల రకం, చెరువు దగ్గర ఒక్క ఏరేటరుకు కూడా ఆసరా కాదు.

అదే చెప్పాను. బండి కోసం పొలం అమ్మవద్దని, ముందు రెండవ జనరేటరు కొని, కరెంటు పోగానే తనంతట తానే అందుకునే స్విచ్చి పెట్టించమని చెప్పాను. "జనరేటరెక్కి నిజాంపట్నం పోలేం కదా మామయ్యా!" అన్నాడు. నవ్వాడే గాని, వెళ్ళేముందు వీఎఫ్‌డీ అంటే ఏమిటో కాగితం మీద రాయించుకున్నాడు. ఎన్ని అశ్వశక్తుల మోటారుకు ఎంత పెట్టె కావాలో అడిగి, దాని కిందనే మరొక వరుస రాసుకున్నాడు. పొలం బేరం పంట చేతికి వచ్చాక చూస్తానన్నాడు.