ఇరవై ఐదంటే నలభై

లీటరు నీటికి ఏ మందు ఎన్ని ఎం.ఎల్. పోయాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మందు ఖరీదు అలాంటిది మరి. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు మిరప పూతల్లో దూరినప్పుడైతే, కొలత మూతకు అంటుకున్న చుక్క కూడా వదలకుండా నీళ్లతో కడిగి డ్రమ్ములో పోసుకున్నాం. ఆ మందు చల్లే తైవాన్ పంపుకు మాత్రం ఆయిల్ కలపడంలో నాది ఉత్త గుడ్డి లెక్క.

పంపుతో ఇచ్చిన పుస్తకంలో 25:1 అని ఉంది. లీటరు పెట్రోలుకు 25 ఎం.ఎల్. ఆయిల్ అనుకున్నాను. మందు లెక్కలకు అలవాటుపడ్డ బుర్రకు ఇంకో అర్థం తోచలేదు. అది 25 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్. వెయ్యిని 25తో భాగిస్తే 40 ఎం.ఎల్. నేను పోసిన పాతిక 40:1 అవుతుంది. అదే 50:1 అని రాసిన మిషన్‌కు లీటరుకు 20 చాలు. అంకె పెరిగేకొద్దీ ఆయిల్ తగ్గుతుందన్నమాట. ఈ నిష్పత్తుల లెక్కలు మా వాడికి దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది కూడా నేనే!

పోసిన ఆ పాతికైనా సరిగ్గా కలిపానా అంటే అదీ లేదు. డబ్బాలో కాస్త మిగిలి ఉండగానే పైన కొత్త పెట్రోలు పోసి, ఆయిల్ అడుగున ఉందిలే అనుకునేవాణ్ని. ఉండేది, నిజమే. ఆయిల్ పెట్రోలు కంటే బరువు కాబట్టి బాగా కలపకపోతే అడుగునే ఉండిపోతుంది. పైన తేరింది ట్యాంకులోకి వంపుకుంటే అందులో ఆయిల్ ఏపాటి ఉంటుంది? డబ్బా చూస్తే నీలంగానే కనిపించేది, దాంతో నాకు ధీమా. ఆ రంగు ఆయిల్ కలిపారని చెబుతుందే తప్ప ఎంత కలిపారో చెప్పదు.

కారు ఇంజన్‌కైతే కింద చాంబర్‌లో ఆయిల్ నిలవ ఉంటుంది. పంపుకుండే ఈ టూ స్ట్రోక్ ఇంజన్‌లో కార్బురేటర్ నుంచి వచ్చే గాలీ పెట్రోలూ ముందు క్రాంకు ఉన్న గదిలోకి వెళ్లి, అక్కణ్నుంచి సిలిండర్‌లోకి ఎక్కుతాయి. దారిలో బేరింగులకు, పిస్టన్‌కు అంటే ఆ కాస్త ఆయిలే దానికి దిక్కు.

మిట్టమధ్యాహ్నం ఫుల్ రేజింగ్‌లో ఉండగా ఇంజన్ గొంతు మారింది. ఆగింది. తాడు లాగితే కదల్లేదు. మెకానిక్ కుర్రాడు హెడ్డు విప్పకుండా సైలెన్సర్ ఒక్కటి ఊడదీసి, పొగ వచ్చే రంధ్రంలోకి టార్చి వేశాడు. పిస్టన్ మీద నిలువునా గీతలు. "ఆయిల్ ఎంత పోస్తున్నావు బాబాయ్?" అన్నాడు. పాతిక అని గర్వంగానే చెప్పాను. బోరు, పిస్టన్, రింగులు అన్నీ మార్చాల్సి వచ్చింది.

తర్వాత చేసింది ఇంకా తెలివితక్కువ పని. ఎక్కువైతే పోయేదేముందని చేతికొచ్చినంత పోయడం మొదలుపెట్టాను. తోటంతా పొగ. ప్లగ్గు తీస్తే నల్లగా, తడిగా ఉండేది. సైలెన్సర్‌లో మసి పేరుకుని ఇంజన్ దమ్ము తగ్గింది. వీటన్నిటికీ మించిన సంగతి ఆ కుర్రాడు చెబితే ముందు నమ్మలేదు. జెట్టు లోంచి పోయే దాంట్లో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది, ఆ మేరకు గాలి ఎక్కువై ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. దాని మేలు కోరి పోసిన ఆయిలే దాన్ని కాలుస్తుందన్నమాట. ఒకసారి టూ స్ట్రోక్‌కు పోసే 2టీ ఆయిల్ అయిపోతే బైకుకు వాడగా మిగిలిన 20డబ్ల్యూ40 పోశాను. అది ఇంజన్‌లో నిలిచి ఉండటానికి తయారుచేసిన నూనె. పెట్రోలుతో కలిసి కాలితే బూడిద మిగుల్చుతుంది. ఆ ముక్క కుర్రాడికి ఇప్పటికీ చెప్పలేదు.

చేతక్ స్కూటర్ తోలిన రోజుల్లో ఈ గొడవే ఉండేది కాదు. బంకులో ఆయిల్ కొలిచి పోసే బాధ్యత వాళ్లది, మనం పక్కన నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు మందుల షాపులో కొన్న సిరంజి ఒకటి షెడ్డులో మేకుకు వేలాడుతోంది, సూది లేకుండా. ముందు సగం పెట్రోలు, దాంట్లో ఆయిల్, మూత బిగించి బాగా ఊపడం, తర్వాత మిగతా సగం. రెండున్నర లీటర్లకు 100 ఎం.ఎల్. అయితే లెక్క చిక్కులేకుండా సరిపోతుంది. అంతకుమించి కలిపి నిలవ పెట్టను. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటోంది, అది తేమను లాక్కుంటుంది. పంట అయిపోయాక ట్యాంకు వంచేసి, కార్బురేటర్‌లో మిగిలిన చుక్కలు కూడా కాలి ఇంజన్ ఆగేదాకా నడిపి మూల పెడతాను.

మొన్న మా బామ్మర్ది గడ్డి కోసే మిషన్ కొత్తది కొని, నా డబ్బాలోది కాస్త పోయమని వచ్చాడు. పుస్తకం తీసుకొచ్చావా అంటే ఇంట్లో ఉందన్నాడు. తెప్పించి చూస్తే అది ఫోర్ స్ట్రోక్, ఆయిల్ పోయడానికి కింద వేరే మూత ఉంది. ట్యాంకులోకి ఉత్త పెట్రోలే పోసి పంపాను.