చెరువు కాగితం వెంట ఎగ్మూరు దాకా

“చెరువు మీదా అండీ?”

“కాదండి.”

“పక్కన పొలమేవన్నా ఉందా?”

“లేదండి.”

“పోనీ కేసేదైనా నడుస్తోందా?”

అదీ లేదన్నాను. మండలాఫీసులో రికార్డులు చూసే ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను ఎగాదిగా చూశాడు. “మరి మీకెందుకండీ ఆరెస్సార్?”

ఆరెస్సార్ అంటే రీసెటిల్‌మెంటు రిజిస్టరు. సర్వే నెంబరు వారీగా ఎకరాలెన్ని, సెంట్లెన్ని, పల్లమా, మెరకా, పోరంబోకా, శిస్తెంత అన్నది తెల్లదొరల కాలంలో లెక్కకట్టి రాసిపెట్టిన పుస్తకం. కాగితాల్లో ఊరి పుట్టుక దాదాపు దానితోనే మొదలవుతుంది. ఇప్పటి అడంగల్ మీద తగువొస్తే ఎవరైనా చివరికి దాని దగ్గరికే వెళతారు.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. డెల్టాలో ఎటు చూసినా నీళ్ళే, నోట్లో పోసుకునేవి మాత్రం తక్కువ. బోరు దింపితే ఉప్పునీరు తగులుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆలోగా మంచినీళ్ళ చెరువు నింపుకుంటేనే ఊరికి గడుస్తుంది. ఆ చెరువుకు పడమటి గట్టు ఏటేటా లోపలికి నడిచొస్తోంది. ముందు కొబ్బరి మొక్కలు లేచాయి, తర్వాత కంచె పడింది, ఆ తర్వాత రొయ్యల మేత దాచుకునే షెడ్డు వెలిసింది. అడిగితే “మా తాతలనాటి జాగా” అన్నారు. ఊరుమ్మడి చెరువుల ఆక్రమణలు తీయించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పిన మాట నిజమే. కానీ అసలు చెరువెంతో తేలకుండా ఆక్రమణెంతో ఎవరు చెబుతారు?

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. కారణం చెప్పమని దరఖాస్తుదారుణ్ణి అడక్కూడదని దాని 6(2) సెక్షన్‌లోనే ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది. ఇదంతా కాగితం మీద రాసుకునే వెళ్ళాను. ఆయన శ్రద్ధగా చదివి, “చట్టం ఉందండీ, పుస్తకమే లేదు” అన్నాడు. బీరువా తీసి చూపించాడు కూడా. ఉన్న ప్రతికి అట్ట ఊడిపోయి, మా చెరువు నెంబరుండాల్సిన చోట నాలుగైదు పేజీలు లేవు. ఎప్పుడు పోయాయో ఆయనకూ తెలియదు, ఆయన వచ్చేనాటికే లేవట. మనిషి చెడ్డవాడేం కాదు. టీ తెప్పించి, “ఏలూరు రికార్డు రూములో జిల్లా ప్రతి ఉంటది, ఎల్లండి” అని దారి చెప్పాడు.

భీమవరం జిల్లా కేంద్రమయ్యాక కూడా ఏలూరు ఎందుకంటే, ఊళ్ళు కదలకపోయినా జిల్లాలు కదులుతూ వచ్చాయి. 1859లో గోదావరి జిల్లా ఏర్పడ్డాక మా తాలూకా అందులో ఉండేది. 1904లో తీసుకెళ్ళి కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమగోదావరి పుట్టింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు ఇరవై ఆరైనప్పుడు పేరు మాకు మిగిలి, ఏలూరు వేరే జిల్లా అయింది. మా ముత్తాత పుట్టిన ఇంట్లోంచి బయటికి రాకుండానే మూడు జిల్లాల్లో బతికాడు. ఆయన కాలం నాటి కాగితాలకు మాత్రం ఆ సుఖం లేదు.

ఉండి, గణపవరం మీదుగా బస్సు. కిటికీలోంచి చూస్తే వరిచేల కంటే రొయ్యల చెరువులు, వాటిలో తిరిగే ఏరేటర్లే ఎక్కువ కనిపిస్తాయి.

రికార్డు రూములోకి అడుగు పెట్టగానే కలరా ఉండల వాసన, దాని వెనక పాత కాగితం వాసన. ఇనప రాకుల నిండా ఎర్రగుడ్డ కట్టలు, ఒక్కో కట్టకు తాలూకా పేరు, ఊరి నెంబరు. ఇక్కడ ఊళ్ళను పేరు పెట్టి పిలిస్తే పలకవు. నెంబరు కావాలి. రికార్డు అసిస్టెంటు కుర్రవాడు నాకు కొంత విద్య నేర్పాడు. మద్రాసు కాలం నుంచీ ప్రతి ఫైలూ ముగిశాక దాని నుదుట ఒక ముద్ర పడుతుంది. ఆర్.డిస్. అని పడితే శాశ్వతంగా దాచాలి. డి.డిస్. అయితే పదేళ్ళకు, ఎల్.డిస్. అయితే ఏడాదికి తగలబెట్టొచ్చు. కాగితం ఆయుష్షు నిర్ణయించేది గుమాస్తా. ఆ రోజు ఆయనకు ఏది ముఖ్యమనిపిస్తే అదే వందేళ్ళ తర్వాత మనకు చరిత్ర. మా ఊళ్ళో జరిగిన వాటిలో ఎన్ని ఎల్.డిస్. కింద బూడిదయ్యాయో అనిపించింది.

రిజిస్టరు దొరికింది. చెరువు పోరంబోకు, ఇవాళ కంటికి కనిపించేదాని కంటే ఎకరం పైచిలుకు ఎక్కువ. అక్కడితో ఆగుండేవాణ్ణే. కానీ రిమార్కుల గడిలో ఎర్రసిరాతో “బి.పి.” అని, పక్కన నెంబరూ తేదీ ఉన్నాయి. బోర్డు ప్రొసీడింగ్స్ అన్నమాట. రెవెన్యూ బోర్డు ఈ చెరువు గురించి ఏదో ఉత్తర్వు ఇచ్చింది. అది చెరువును తగ్గించిందా, కాపాడిందా? రేపు షెడ్డు ఆసామి ఆ ఉత్తర్వునే తెచ్చి చూపిస్తే నా చేతిలోని నకలు చిత్తుకాగితమవుతుంది. “బోర్డు కాగితాలు మద్రాసులో ఉంటాయి సార్” అన్నాడు కుర్రవాడు. చెన్నై అనలేదు. రికార్డు రూముల్లో మద్రాసు ఇంకా మద్రాసే.

భీమవరంలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే ఎగ్మూరులో దింపుతుంది. స్టేషను ఎదురుగానే, గాంధీ ఇర్విన్ రోడ్డు మీద, 1909లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం. మద్రాసు రికార్డు ఆఫీసంటే అదే, ఇప్పుడు తమిళనాడు ఆర్కైవ్స్. 1670 నుంచి కాగితాలున్నాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో గవర్నరు బెంటింకు చెల్లాచెదురుగా ఉన్న సచివాలయం రికార్డులన్నిటినీ ఒకచోటికి చేర్పించి, మునియ్య అనే రికార్డు కీపరు చేతిలో పెట్టాడట. గవర్నర్లకు విగ్రహాలున్నాయి. మునియ్యది ఎక్కడైనా ఉందేమోనని చూశాను గానీ కనిపించలేదు.

“రీసెర్చి స్కాలరా సార్, పార్టీయా?” అని అడిగారు కౌంటరులో. స్కాలరైతే విశ్వవిద్యాలయం ఉత్తరం ఉంటుంది, పార్టీ అయితే కేసు ఉంటుంది. నాకు రెండూ లేవు. చెరువు, ఊరు, గట్టు అంటూ నాకొచ్చిన అరకొర తమిళంలో కథంతా చెప్పాను. అవతలి పెద్దాయన మధ్యలో ఆపి, శుభ్రమైన తెలుగులో, “మాది తిరుత్తణి పక్కన సార్. ఊరి తరఫున అని రాయండి, చూద్దాం” అన్నాడు. రాశాను. చదువుకున్నవాడికీ, వ్యాజ్యమాడేవాడికీ గడులున్నాయి. ఊళ్ళో ఉంటూ ఊరి నీళ్ళు తాగేవాడికి ఏ ఫారంలోనూ గడి ఉండదు. ఎవరో ఒక పెద్దాయన తన చేత్తో గీసి ఇవ్వాల్సిందే.

చదివే గదిలో పెన్నులు కుదరవు, పెన్సిలే. నా బల్ల దగ్గరే మలబారు దేవస్వం భూముల కోసం వచ్చిన వకీలు గుమాస్తా, అవతల బళ్ళారి కాగితాలు తిరగేస్తున్న కన్నడ పంతులు. 1936లో గంజాం ఒడిశాకు, 1953లో బళ్ళారి మైసూరుకు, 1956లో మలబారు కేరళకు వెళ్ళాయి, 1953లోనే మేమూ విడిపోయి వచ్చాం. పంపకాలయ్యాయి గానీ, పాత ఇంటి అటక మీది పెట్టె తీయాలంటే అందరం ఇక్కడికే రావాలి.

కట్ట మధ్యాహ్నానికి వచ్చింది. అంచులు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. ముందు సూచిక, తర్వాత కలెక్టరు ఉత్తరం, దాని వెనక అర్జీ. ఎవరో మోతుబరి చెరువు పడమటి వైపు మెరక తనకు పట్టా ఇమ్మని దరఖాస్తు పెట్టుకున్నాడు. నీళ్ళు నిలవని చోటు, శిస్తు వస్తుంది కదా అని కింది అధికారులు ఒప్పుకున్నారు. ఊళ్ళోవాళ్ళు ఎదురు అర్జీ పెట్టారు. సంతకాలు కొన్ని, నిశానీలు చాలా. కాలువ వదిలినప్పుడు నిండేది ఆ మెరక మీదికే, ఆ నీళ్ళే ఎండాకాలం చివరి నెల తాగేది అని రాశారు. తహశీల్దారు మళ్ళీ విచారించి ఆ మాట నిజమేనన్నాడు. బోర్డు పట్టా నిరాకరించింది, రెండు వాక్యాల్లో. ఆ అర్జీదారుల్లో ఒక్కడికీ చెరువు పక్కన పొలం ఉన్నట్టు ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. మీకేం సంబంధమని వాళ్ళనెవరూ అడిగినట్టూ లేదు.

సర్టిఫైడు నకలుకు డబ్బు కట్టి దరఖాస్తు ఇచ్చాను. అది తర్వాత పోస్టులో వచ్చింది. సాయంత్రం మౌంటురోడ్డు తిరుగుదామనుకున్నాను గానీ, కాళ్ళు సహకరించక స్టేషను ఎదుటి హోటల్లో పొంగల్ తిని బండెక్కేశాను.

నకలు చేతికందాక ఒక సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గర రెండు నకళ్ళూ జతచేసి అర్జీ ఇచ్చాం. ఈసారి నేనొక్కణ్ణే కాదు, ఊళ్ళోంచి ఆటో నిండా వచ్చారు. సర్వేయరు రోవరుతో వచ్చి గట్టు వెంట పాయింట్లు తీశాడు. ఎకరం పైచిలుకు తేడా నిజమేనని తేలింది. షెడ్డు ఆసామి కూడా ఊరుకోలేదు, తన జాగాకు రిజిస్టరు దస్తావేజు ఉందంటూ దాని నకలు తీసి తహశీల్దారు బల్ల మీద పెట్టాడు. మరి దానికి ముందు దస్తావేజేది, అమ్మినవాడికి హక్కెక్కడిది? అది తేల్చడానికి సబ్‌రిజిస్ట్రారాఫీసులో దస్తావేజులు నమోదుచేసే పాత ఒకటో పుస్తకం చూడాలి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టి దాన్ని ఎవరైనా చూడొచ్చు. వచ్చే వారం వెళుతున్నాం.