మామయ్యగారి పద్మినికి స్టీరింగ్ బాక్సు

పాత కారు మీద మమకారం మగవాళ్లది, ఖర్చు లెక్క మనది. చాలా ఇళ్లలో ఇదే వరస కదండీ!

మా మామయ్యగారి 1986 నాటి ప్రీమియర్ పద్మిని ఆయన పోయాక కూడా మా వాకిట్లోనే ఉంది. ఇంజను బాగానే ఉంది గానీ స్టీరింగ్‌లో బాగా లూజు. బెత్తెడు తిప్పితే గానీ ముందు టైర్లు కదిలేవి కావు. అత్తయ్యగారేమో గుడికైనా, డాక్టరు దగ్గరికైనా ఆ బండిలోనే వస్తానంటారు. అమ్మేద్దామని ఆవిడతో అనలేం, ఆ స్టీరింగ్‌తో ఆవిణ్ణి హైవే ఎక్కించనూలేం.

కొత్త కార్లలో ఉండే ర్యాక్ స్టీరింగ్ పెట్టిద్దామన్నారు మావారు. కనుక్కుంటే అమ్మాయి సెమిస్టరు ఫీజంత చెప్పారు. పైగా బండి కింద కోసి వెల్డింగ్ చెయ్యాలట. నేను వద్దన్నాను.

"ముందు లూజు ఎక్కడుందో చూద్దామమ్మా" అన్నారు మా మెకానిక్ పెద్దాయన. బండి నేల మీదే ఉంచి, నన్ను స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ కదపమని, వాళ్లిద్దరూ కింద ఒక్కో జాయింటూ చూశారు. టై రాడ్ ఎండ్లు అరిగాయి, ఐడ్లర్ ఆర్మ్ బుష్షులు పోయాయి. అవి మారిస్తే సగం లూజు తగ్గింది. మిగతాది బాక్సులోనిదే.

ఈ బాక్సులో మరలాంటి వార్మ్, దాని గాడిలో నడిచే రోలర్ ఉంటాయి. పైన సర్దుబాటు స్క్రూ ఒకటి. "దాన్నే బిగిస్తే పోదా?" అన్నాను. బండి ఎక్కువగా తిన్నగానే వెళ్తుంది కాబట్టి అరుగుదల మధ్యలోనే ఎక్కువట. ఆ మధ్య లూజు పోయేదాకా బిగిస్తే, మలుపులో స్టీరింగ్ పట్టేస్తుంది. అది ఇంకా ప్రమాదం.

అందుకే విజయవాడ ఆటోనగర్‌లో తిరిగి, లోపల పెద్దగా అరగని పాత బాక్సు ఒకటి సంపాదించాం. విప్పి చూపించాకే డబ్బిచ్చాం. బేరింగులు, ఆయిల్ సీలు మాత్రం కొత్తవి వేయించి, గేర్ ఆయిల్ పోయించి, ఆఖర్న వీల్ అలైన్‌మెంట్ చేయించాం. అన్నీ కలిపినా మొదట చెప్పినదాంట్లో ఐదో వంతు కాలేదు.

ఇంటి ముందు బండి తిప్పి పెట్టేటప్పుడు ఇప్పటికీ మావారి చేతులు నొప్పి పుడతాయి. ఆ బరువు పోలేదు. కానీ రోడ్డు మీద బండి చెప్పిన మాట వింటోంది. ఇదివరకు ముందు సీటు గట్టిగా పట్టుకుని కూర్చునే అత్తయ్యగారు, మొన్న మంగళగిరి నుంచి వస్తూ హాయిగా నిద్రపోయారు.