పొట్టి యాంటెన్నా, పొడుగు మాటలు

విమానాల మీద పెట్టే రేడియో యాంటెన్నాలు డిజైన్ చేస్తూ హైదరాబాదులో ఇరవయ్యేళ్ళకు పైగా ఉద్యోగం చేశాను. సంఘం సమావేశాల్లో మిత్రులు అప్పుడప్పుడూ అడుగుతుంటారు, "మీ ఉద్యోగానికీ మీ హేతువాదానికీ ఏమైనా సంబంధం ఉందా?" అని. ఉంది. మహిమలు చూపిస్తామనే వాళ్ళని ఏం అడగాలో నాకు పుస్తకాల కంటే యాంటెన్నాలే బాగా నేర్పాయి.

ముందు అసలు సంగతి చెప్తాను. విమానం ఒంటి మీంచి ఏది పొడుచుకొచ్చినా అది గాలికి అడ్డమే. ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, మంచు పేరుకుంటుంది, పక్షి కొడితే విరుగుతుంది. అందుకని విమానం డిజైన్ చేసేవాళ్ళు "ఎత్తు తగ్గించండి" అంటారు. రేడియో వాళ్ళేమో "ఒక్క యాంటెన్నాతో అన్ని బ్యాండ్లూ పలకాలి" అంటారు. పౌర విమానాల పైలట్లు కంట్రోల్ టవర్‌తో మాట్లాడేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య. సైనిక విమానాలకి 225 నుంచి 400 కూడా కావాలి. నేల మీది దళాలతో మాట్లాడాలంటే 30 నుంచి 88 కావాలి.

ఇక్కడే ప్రకృతి అడ్డం తిరుగుతుంది. 118 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు రెండున్నర మీటర్లు. అందులో పావు వంతు, అంటే సుమారు 63 సెంటీమీటర్ల కడ్డీ నిలబెడితే హాయిగా పనిచేస్తుంది. 30 మెగాహెర్ట్జ్‌కి ఆ పావు వంతే రెండున్నర మీటర్లు. అంత కడ్డీని విమానం వీపు మీద ఎవరు నిలబెట్టనిస్తారు?

పోనీ పడుకోబెడదామా? విమానం చర్మం లోహం. అది విద్యుత్ తరంగాలకి అద్దంలాంటిది. లోహానికి దగ్గరగా పడుకోబెట్టిన తీగలో కరెంటు ఒకవైపు పారితే, అద్దంలోని దాని ప్రతిబింబంలో ఎదురువైపు పారుతుంది. రెండూ ఒకదాన్నొకటి చంపేస్తాయి. బయటికి పోయేది దాదాపు సున్నా.

పోనీ నిలబెట్టిన కడ్డీనే కుదిద్దామా? కుదించవచ్చు. కానీ దానికో హద్దుంది. 1947లో వీలర్, 1948లో చూ అనే ఇంజనీర్లు ఆ హద్దుని లెక్కగట్టారు. తరంగంతో పోలిస్తే యాంటెన్నా ఎంత చిన్నదైతే, అది సమర్థంగా పనిచేసే బ్యాండ్ అంత ఇరుకైపోతుంది. ఎత్తు తగ్గాలి, బ్యాండ్ పెరగాలి అంటే పంపిన శక్తిలో కొంత వేడిగా తగలెయ్యాలి. బ్లేడుని వెడల్పు చేసినా, నెత్తిన లోహపు టోపీ పెట్టినా ఆ హద్దుకి దగ్గరవుతామే తప్ప దాటం. "ఇప్పుడు విమానాల్లో ఇంటర్నెట్ ఇచ్చే యాంటెన్నాలు పలకల్లా ఉంటాయి కదా" అంటారేమో. అవి 12 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. అక్కడ తరంగం పొడవే రెండున్నర సెంటీమీటర్లు. పొట్టి, పొడుగు అనేవి తరంగంతో పోల్చి చూడాల్సినవి, స్కేలుతో కాదు.

పోయిన చలికాలం షాలిమార్ వెళ్ళాను. మనవాళ్ళకి షాలిమార్ అంటే కోరమాండల్ బయలుదేరే స్టేషను. కలకత్తా అంటాం గానీ అది హుగ్లీకి ఇవతల హౌరా వైపు ఉంది. మా మేనకోడలు ఆ దగ్గర్లోనే గది తీసుకుని ఇంజనీరింగ్ చదువుతోంది. నేను వెళ్ళేసరికి ఏదో కంపెనీ కరపత్రం ముందేసుకుని కూర్చుంది.

"మామయ్యా, ఇది చూడండి. ఎత్తు 10 సెంటీమీటర్లే. 30 నుంచి 400 దాకా వి.ఎస్.డబ్ల్యు.ఆర్. ఎక్కడా 2 దాటలేదు" అంది.

రేడియో పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె అది. ఏమీ తిరిగి రాకపోతే 1. రెండు లోపు ఉంటే మంచిదనే లెక్క.

"వెనక్కి రాలేదు సరే, బయటికి ఎంత వెళ్ళింది?" అన్నాను.

కరపత్రం అటూ ఇటూ తిప్పింది. "అది రాయలేదు."

కాగితం మీద లెక్క వేసి చూపించాను. కేబులుకీ యాంటెన్నాకీ మధ్య 10 డెసిబెల్స్ శక్తిని మింగే చిన్న రెసిస్టర్ల డబ్బా పెట్టాం అనుకో. వెళ్ళేటప్పుడు పదో వంతే దాటుతుంది. అదంతా తిరిగొచ్చినా, వచ్చేటప్పుడు మళ్ళీ పదో వంతే మిగులుతుంది. మీటరుకి కనిపించేది నూరో వంతు. మీటరు 1.2 చూపిస్తుంది.

"అంటే యాంటెన్నా పీకేసినా పాసవుతుందా?"

"పాసవడమేమిటమ్మా, ఫస్టు క్లాసులో పాసవుతుంది!"

ఇది కాగితం మీది ముచ్చటే కాదు. నేను ఉద్యోగంలో ఉండగా ఇలాంటి సరుకే ఒకటి మా దగ్గరికొచ్చింది. గ్రాఫు అద్దంలా ఉంది. "గడువు దగ్గర పడింది, సంతకం పెట్టెయ్యండి" అన్నారు పైవాళ్ళు. బయలు ప్రదేశంలో, దూరంగా రిసీవరు పెట్టి, గుణం తెలిసిన యాంటెన్నాతో పోల్చి కొలిస్తే తప్ప పెట్టనన్నాను. రెండు వారాలు గొడవ. చివరికి కొలిచాం. కింది ఫ్రీక్వెన్సీల్లో 20 డెసిబెల్స్ తక్కువ! పది వాట్లు పోస్తే, మామూలు యాంటెన్నాకి 0.1 వాటు పోసినంతే బయటికి పోతోంది. అడ్డంకి లేని ఆకాశంలో శక్తి వంద రెట్లు తగ్గితే దూరం పది రెట్లు తగ్గుతుంది. 200 కిలోమీటర్లు వినబడాల్సిన పైలట్ గొంతు 20 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ సరుకు వెనక్కి పోయింది. ఆ ఏడాది నా రిపోర్టులో "సహకార స్వభావం తక్కువ" అని రాశారు. రాసుకోనివ్వండి.

శక్తిని తగలెయ్యడం నేరం కాదు. పొట్టి యాంటెన్నాలో ఒక్కోసారి కావాలనే రెసిస్టర్ పెడతారు, గెయిన్ ఇంత తక్కువ అని రాసి మరీ ఇస్తారు. అది నిజాయితీ. చెల్లించిన ధరని దాచిపెట్టడమే మోసం.

షాలిమార్ పక్కనే శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ ఉంది. 2009లో దానికి జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. బోస్ అనగానే మనవాళ్ళు "చెట్లకు ప్రాణముందని కనిపెట్టాడు" అంటారు. చెట్లకు ప్రాణముందని అంతకుముందూ తెలుసు. ఆయన చేసింది వాటి స్పందనల్ని కొలవడం. అంతకంటే ముందు ఆయన రేడియో శాస్త్రవేత్త. 1895 ప్రాంతంలో కలకత్తా టౌన్ హాల్‌లో, గోడల అవతల ఉన్న గంటని తరంగాలతో మోగించాడు, తుపాకి మందు పేల్చాడు. 1897లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చూపిన పరికరాల్లో హార్న్ యాంటెన్నా ఉంది. ఆయన పరీక్ష ఎంత శుభ్రమైనదో చూడండి. అవతలి గదిలో గంట మోగిందా, లేదా? శక్తి దారిలో పోతే గంట మోగదు. అక్కడ బుకాయించడానికి వీల్లేదు.

దీని పక్కన "వైమానిక శాస్త్రం" పెట్టి చూడండి. అందులో "పరశబ్ద గ్రాహక" రహస్యం అని ఒకటుంది, శత్రు విమానంలోని మాటలు మన విమానంలో వినడం. ఎంత దూరం నుంచి? ఏ తరంగంతో? ఆ రహస్యం చెప్పిన చోట పరీక్షించదగ్గ అంకె ఒక్కటీ లేదు. విమానాల కొలతలు ఇచ్చిన చోట మాత్రం దొరికిపోయారు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి చెందిన అయిదుగురు 1974లో ఆ లెక్కలు పరిశీలించి, ఇవి ఎగరవనీ, ఆ గ్రంథం 1904కి ముందుది కాదనీ తేల్చారు. అయినా 2015 జనవరిలో ముంబై సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన విమానాల మీద ప్రసంగం చేయించారు!

కాబట్టి మిత్రులారా, "పరీక్షలో నెగ్గింది" అని ఎవరన్నా అంటే, "అదే పరీక్షలో ఉత్త డబ్బా కూడా నెగ్గుతుందా?" అని అడగండి. జ్యోతిష్కుడు "కష్టాలున్నాయి, కానీ గట్టెక్కుతారు" అంటే ఎవరికి నప్పదు? అది 10 డెసిబెల్స్ డబ్బా. వెనక జాతకం లేకపోయినా మీటరు బాగానే చూపిస్తుంది. ఒకే జాతక ఫలం కాగితాన్ని పదిమందికి, "ఇది మీదే" అని విడివిడిగా ఇవ్వండి. ఎంతమంది "అచ్చం నాదే" అంటారో లెక్కపెట్టి, తర్వాత వాళ్ళకి అసలు విషయం చెప్పండి. వచ్చిన అంకె నాకూ రాయండి.