శామీర్‌పేట వానగుంటలో రూపాయి బిళ్లంత కప్ప

శామీర్‌పేట అనగానే మీకు చెరువు, జింకల పార్కు గుర్తొస్తాయి కదూ! సికింద్రాబాద్ నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. పులిహోర డబ్బాలో సర్దుకుని వెళ్లి రావచ్చు. అయితే ఈసారి తొలివానలు పడ్డాక వెళ్లండి, చీకటి పడేదాకా ఉండండి. చెరువు గట్టున కాదు, రోడ్డు పక్క ఖాళీ ప్లాట్లలో నీళ్లు నిలిచిన గుంటల దగ్గర.

దువ్వెన పళ్ల మీద గోటితో గీకినట్టు గరగరమని ఒకటే మోత! "ఇంత అరుపంటే అరచెయ్యంత బోదురుకప్పే" అన్నారు మావారు. టార్చి వేసి వెతికితే గడ్డి మొదట్లో దొరికింది. మొత్తం కలిపి రెండు, రెండున్నర సెంటీమీటర్లు!

చిన్న తల, సన్నని మూతి, లేత గోధుమ రంగు ఒళ్లు. కళ్ల మధ్య మొదలై, మెడ దగ్గర సన్నబడి, నడుం వైపు వెడల్పయ్యే ముదురు రంగు ముగ్గు వీపు మీద. చీమలు, చెదలు దీని తిండి. చెదలతో వేగే మనకు ఇది చుట్టమే సుమా!

దీని శాస్త్రీయ నామం మైక్రోహైలా ఆర్నేటా. ఆర్నేటా అంటే సింగారించుకున్నది అని. 1841లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు డ్యూమెరిల్, బిబ్రాన్ దీన్ని లోకానికి పరిచయం చేశారు. చైనా, తైవాన్ దాకా ఉన్నవన్నీ ఇవేనని చాలాకాలం అనుకున్నారు. 2005లో తూర్పు దేశాలవి వేరే జాతి అని తేల్చారు. అంటే ఇది దక్షిణ భారతం, శ్రీలంకల వైపు పిల్ల, మన పిల్లే!

గుడ్లు నీటి మీద పలుచని పొరలా తేలతాయి. తోకకప్పలు గాజులా ఉంటాయి, లోపలి పేగులు కూడా కనిపిస్తాయి. వానగుంట ఎండేలోపు వాటికి కాళ్లు రావాలి. కొద్ది వారాలే గడువు.

మన పల్లెల్లో వాన కోసం కప్పతల్లిని ఇంటింటికీ తిప్పితే బిందెతో నీళ్లు పోసిన చేతులే, పెరటి గుంటలో ఫినాయిల్ పోస్తాయి. నేనూ పోశాను. దోమల భయం మరి! కప్ప ఒంటితోనే నీళ్లు పీలుస్తుందని అప్పుడు తెలీదు. ఇప్పుడు కుండీల్లో, టైర్లలో నీళ్లు పారబోస్తున్నాను. నేల మీది గుంటలో మాత్రం ముందు టార్చి వేసి చూస్తున్నాను.

నెల తర్వాత మళ్లీ వెళ్లాం. ఆ ప్లాటులో మొరం పోసి చదును చేసేశారు. మావారు కారు తిప్పబోతుంటే పక్క ప్లాటులోంచి గరగరమని ఒక్కటి అరిచింది.