రిజిస్టరులో లేని నేరము

సంఘము వారు ఈ సంచికకు ఏదేని వ్రాసి పంపుడని కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మేము పండితులము కాము. మెట్రిక్ వరకు చదివి, నలుబది యేండ్లు నూలు వ్యాపారుల గద్దెలమీద జమాఖర్చులు వ్రాసి విశ్రాంతి పొందినవారము. అంకెలతో నున్నంత పరిచయము అక్షరములతో లేదు. కాని యీ నడుమ మా వాడ యువకుడొకడు వచ్చి యొక ప్రశ్న యడిగెను. "కాకా, అంజూర్ ఫాటా దిక్కు ఇల్లు కొందామనుకుంటున్న. ఆడ దొంగతనాలు ఎక్కువనా, తక్కువనా?" ఆ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము చెప్పలేకపోతిమి. చెప్పలేకపోవుటకు గల కారణమే యీ వ్యాసము.

అంజూర్ ఫాటా యనిన నెరుగని భివండీ తెలుగువాడుండడు. ఫాటా యనగా మరాఠీలో దారి చీలుచోటు. ఈ కూడలినుండి యొక దారి పట్టణములోనికి, ఒకటి కశేళీ మీదుగా ఠాణేకు, ఒకటి మాన్కోలి వైపు నాశిక్ రహదారికి, ఒకటి చించోటి వైపునకు పోవుచున్నవి. వసయి-దివా మార్గములోని భివండీ రోడ్ రైలు స్టేషను సమీపముననే కలదు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి సాంచెల పనికి వచ్చిన మనవారు పద్మనగరు, కామత్‌ఘర్ ప్రాంతములలో స్థిరపడి, క్రమముగా ఈ వైపునకును విస్తరించిరి.

మా చిన్నతనమున సూర్యాస్తమయమైన పిదప ఇచ్చట మనుష్యసంచారము స్వల్పము. నేడు రాత్రి పగలు భేదము లేదు. దీనికి గిడ్డంగులు కారణము. ముంబయి నగరములో ప్రవేశించు సరకుపై ఆక్ట్రాయి సుంకముండిన కాలమున, వర్తకులు సరకును నగరపు పొలిమేర కీవల దించి యుంచుట లాభకరమని గ్రహించిరి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చుటతో ఆ సుంకము తొలగెను గాని గిడ్డంగులు తొలగలేదు; మరింత పెరిగినవి. లారీలు, హమాలీలు, జీతము జేబులో పెట్టుకొని అర్ధరాత్రి యింటికి నడచు కూలివారు ఈ కూడలికి చేరిరి. ధనము నడచు దారిలో దొంగయు నడచును.

ఇక అంకెల మాట. నేరముల రేటు అనగా, ఒక యేడాదిలో పోలీసులు నమోదు చేసిన నేరములను జనసంఖ్యతో భాగించి, లక్షమందికి ఎన్ని యని చెప్పు లెక్క. దేశమంతటి లెక్కలు 1953 నుండి 'క్రైమ్ ఇన్ ఇండియా' అను గ్రంథముగా వచ్చుచున్నవి. 1986లో నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ఏర్పడిన తరువాత ఆ పని దాని కప్పగింపబడెను. గుమాస్తాకన్నుతో చూచిన ఈ లెక్కలో మూడు సందులు కనబడును.

మొదటిది భాజకము. 2011 జనగణన ప్రకారము భివండీ-నిజాంపూర్ నగర జనసంఖ్య 7,09,665. ఆ తరువాతి సంవత్సరములకు వాడునవి అంచనాలే. పైగా ఫాటా వద్ద దోపిడికి గురియైన లారీ డ్రైవరు ఏ పంజాబువాడో, ఏ రాజస్థానువాడో యగును. అతని నష్టము పై అంకెలో చేరును. అతడు మాత్రము క్రింది అంకెలో లేడు. రెండవది, ఒకే కేసులో పలు నేరములున్నచో వానిలో పెద్దదానినే లెక్కించు నియమము. ఇంటిలో దూరి, దోచి, హత్యచేసినచో గణాంకములలో అది హత్య యొక్కటియే. మూడవది అన్నిటికంటె పెద్దది. ఎవరును పోయి చెప్పని నేరము ఏ పుస్తకమునను ఉండదు.

అమెరికాలో 1973 నుండి ప్రభుత్వమువారు ఇంటింట ప్రజలనే విచారించి, "మీకేమైన నష్టము జరిగినదా, పోలీసులకు తెలిపితిరా" యని యడుగుచున్నారు. దౌర్జన్యములలో సగము కూడ పోలీసుల వరకు పోవుట లేదని ఆ విచారణలు పలుమార్లు తేల్చినవి. మన దేశములో కేరళము అనేక సంవత్సరములు నమోదైన నేరముల రేటులో పైవరుసలో నిలిచినది. అంతమాత్రమున కేరళము దొంగలదేశమని యెవరును అనరు. అచ్చటి జనులు నిర్భయముగా పోలీసు స్టేషనుకు పోవుదురు, పోలీసులు వ్రాసికొందురు. ఆ యలవాటును ఆ యంకెలో ఒక భాగమే. నేరములు పెరుగుట వేరు, నమోదు పెరుగుట వేరు అని రికార్డ్స్ బ్యూరో వారే తమ గ్రంథములో హెచ్చరింతురు.

ఈ మూడవ సందును మేము పుస్తకములు చదివి తెలిసికొనలేదు. దానిని మేమే స్వయముగా త్రవ్వితిమి. ఆ సంగతి వ్రాయుటకు సిగ్గగుచున్నది. కాని వ్రాయకున్న ఈ వ్యాసమునకు ప్రయోజనము లేదు.

2012లో దీపావళికి నాలుగు దినములు ముందు, వైపని చేయు పంతొమ్మిదేండ్ల కుర్రవాడొకడు రాత్రి పదకొండు గంటలకు మా తలుపు తట్టెను. పెదవులు తడియారి యున్నవి. "కాకా, బండి మీద ఇద్దరు వచ్చిండ్రు. కత్తి చూపెట్టి పగారు, బోనసు, ఫోను అన్ని గుంజుకున్నరు. ఠేషన్ల ఇయ్యనీకె అర్జీ రాసిస్తవా?" అని యడిగెను. మరాఠీలో అర్జీ వ్రాయగలవారు వాడలో మేమొకరము గనుక మా యొద్దకు వచ్చెను.

మేమేమంటిమి? "పోయిన పైసలు వస్తయా బిడ్డా? నాలుగు రోజులు ఠేషన్ చుట్టు తిరిగితే వచ్చే పగారు గూడ పోతది. మనం పొట్టకూటికి వచ్చినోళ్లం. కత్తి తగల్లేదు, అదే పదివేలు" అంటిమి. వాడు తల యూపి పోయెను. నలుబది యేండ్లలో ఒక్క రూపాయి ఖర్చు వ్రాయుట మరచినను నిద్రపట్టని మేము, ఆ రాత్రి సుఖముగా నిద్రించితిమి.

పదునొకండవ నాటి రాత్రి, ఆ చోటనే, ఉత్తరప్రదేశమునుండి వచ్చిన యొక హమాలీని ఇద్దరు అడ్డగించిరి. ఏబదియేండ్లు దాటిన మనిషి. సంచి వదలక పట్టుకొనెను. కుడిచేతి వ్రేళ్లు రెండు తెగిపోయెను.

మరునాటి ఉదయము పోలీసు అధికారి యొకడు టీ దుకాణము వద్ద నిలిచి, "ఇదివరలో ఇచ్చట ఇట్టిది జరిగినదా?" అని మరాఠీలో అందరినడిగెను. దుకాణదారు లేదనెను. మేమచ్చటనే యుంటిమి. మా నోట మాట రాలేదు. ఆయన, "మా రిజిస్టరులోను ఏమియు లేదు. ఇచ్చట భయము లేదనుకొనియే రాత్రి గస్తీ బండిని వేరు దిక్కునకు త్రిప్పుచున్నాము" అని జీపెక్కి పోయెను. ఆ మాటలో మాపై నింద లేదు; ఆయన కేమియు తెలియదు. కాని గస్తీ బండి ఎక్కడ తిరుగవలెనో రిజిస్టరు నిర్ణయించుననియు, ఆ రిజిస్టరులో ఒక పంక్తిని ఖాళీగా నుంచినది మేమే యనియు అప్పుడు బోధపడెను.

సాయంకాలము మా యింటావిడతో చెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడక, పిదప ఒక్క మాట యనెను: "ఆనాడు అర్జీ రాసిస్తే పిల్లగాని పైసలు రాకపోయేటివి గావచ్చు. గాని ఆ హమాలీ వేళ్లు ఉండేటివేమో."

మరునాడు మేమే కుర్రవానిని వెంటబెట్టుకొని, అర్జీ వ్రాసికొని పోతిమి. ఇన్ని దినములేల ఆలస్యము చేసితిరని అధికారి కోపించెను. కోపించుట న్యాయమే. అర్జీ మాత్రము తీసికొనెను. ఆ పిమ్మట గస్తీ బండి రాత్రులందు ఫాటా వద్ద నిలుచుట మొదలయ్యెను. దుకాణదారులు చందా వేసికొని ఒక దీపము పెట్టించిరి. ఆ యేడాది మా ప్రాంతపు లెక్కలో కేసులు పెరిగియే యుండును. అంకెను మాత్రమే చూచినవాడు చోటు చెడిపోయినదనును. మేము చూచినది దీపము.

హమాలీ కొన్ని వారములకు తన కుమారునితో స్వగ్రామమునకు పోయెను. పోవుచున్న దినమున మేము రైలు స్టేషనుకు పోయి ఐదువందల రూపాయలు చేతిలో పెట్టితిమి. ఎడమచేత అందుకొని, ఆ చేతితోనే నుదుటిని తాకి దండము పెట్టెను. మా తప్పు ఆయనతో చెప్పుటకు ధైర్యము చాలలేదు.

మేమేల అట్లు చెప్పితిమని పిదప పలుమారు విచారించుకొంటిమి. కారణము పాతది. పరాయి రాష్ట్రమున బ్రదుకువారికి 'తలవంచుకొని పోవుట' యొక విద్యగా నేర్పబడును. 1970 మే నెలలో శివాజీ జయంతి ఊరేగింపునాడు భివండీలో మతకల్లోలము చెలరేగినప్పుడు మాకు పదునొకండేండ్లు. మా బాపు తలుపునకు బీరువా అడ్డము పెట్టి, ఎవరు పిలిచినను పలుకవద్దనెను. 1984 మే నెలలో మరల చెలరేగెను. భివండీ, ఠాణే, ముంబయి ప్రాంతములలో కలిపి రెండువందల యేబదిమందికి పైగా మరణించిరి. అప్పుడు మేమును మా తలుపునకు బీరువా అడ్డము పెట్టితిమి. పలుకకుండుటయే క్షేమమని తండ్రినుండి కొడుకు నేర్చుకొనెను.

కాని మన పట్టణమే మరియొక పాఠమును గూడ నేర్పినది. 1988లో ఇచ్చటికి డిప్యూటీ పోలీసు కమిషనరుగా వచ్చిన సురేశ్ ఖోపడే గారు వాడవాడకు మొహల్లా కమిటీలు ఏర్పరచిరి. అవి సుమారు డెబ్బది. హిందువులు, ముసల్మానులు, పోలీసులు ఒకేచోట కూర్చుండి మాటాడుకొనునట్లు చేసిరి. మేమును ఒకటి రెండు సమావేశములకు పోతిమి. పెద్ద విషయము లేమియు లేవు. నీటికుళాయి తగవు, మోరీ తగవు, రాత్రి సాంచెల చప్పుడు. కాని ఆ చిన్న తగవుల మూలమున కానిస్టేబులుకు మా పేర్లు, మాకు కానిస్టేబులు పేరు తెలిసినవి. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలలలో ముంబయి మండిపోయి, శ్రీకృష్ణ కమిషను లెక్క ప్రకారము తొమ్మిదివందల మంది మరణించినప్పుడు, రెండుమారులు కాలిన భివండీ ప్రశాంతముగా నుండెను. ఆ మారు మా తలుపునకు బీరువా అడ్డము పెట్టలేదు.

పరిచయము ఒకమారు చేసికొని విడిచిన నిలుచునది కాదు. 2006 జూలైలో ఒక పోలీసు స్టేషను కట్టడము విషయమై తగవు పెరిగి, కాల్పులలో ఇద్దరు పౌరులును, అదే రాత్రి ఇద్దరు కానిస్టేబుళ్లును మరణించిరి. సాంచెకు నూనె వలె, పరిచయమును అప్పుడప్పుడు పోయుచుండవలెను.

నాటికంటె నేడు చట్టము మనకు కొంత అనుకూలముగా నున్నది. పోలీసులు స్వయముగా కేసు చేపట్టదగిన నేరమును గూర్చి సమాచార మిచ్చినచో నమోదు చేయుట తప్పనిసరి యని సుప్రీం కోర్టు 2013 నవంబరులో లలితా కుమారి కేసున తీర్పు చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఏ స్టేషను హద్దులో జరిగినను ఇట్టి సమాచారమును ఏ స్టేషనునందైనను ఈయవచ్చును. ఫోను ద్వారా, కంప్యూటరు ద్వారా పంపి మూడు దినములలో సంతకము చేయవచ్చును. నకలు ఉచితముగా ఇచ్చెదరు. అపాయ సమయమున 112 సంఖ్యకు ఫోను చేయవలెను. ఇన్ని యున్నను మొదటి మాట మనదే కావలెను. చట్టము మన తలుపు తట్టి, "నీ జేబు కత్తిరింపబడినదా?" అని యడుగదు.

కాబట్టి ఇల్లు కొనదలచిన యువకునకు మేమిచ్చు సమాధానమిది. ఒక యేడు కేసులు పెరిగినవని విని భయపడకుము. తగ్గినవని విని మురియకుము. రాత్రి పదకొండు గంటలకు ఆ వీధిలో ఒకమారు నడువుము. దీపము వెలుగుచున్నదా? ప్రక్క యింటివాడు ఎదురింటివానిని పేరుతో పిలుచుచున్నాడా? ఎవరైన నష్టపోయినచో అతని వెంట స్టేషనుకు నడచుటకు ఇద్దరు లేతురా? ఈ మూడు ఉన్నచో ఇల్లు కొనుము. లేనిచో కొనియైనను, ఆ మూడింటిని కల్పించుటకు పూనుకొనుము.

ఆ కుర్రవాడు నేడు ఇద్దరు బిడ్డల తండ్రి. క్రిందటి నెల బిహారునుండి క్రొత్తగా వచ్చిన పిల్లవానినొకనిని మా యింటికి తీసికొని వచ్చి, "కాకా, కలం దీస్కో. ఈ పిల్లగాని ఫోను గుంజుకున్నరట" అనెను. ముగ్గురమును కలిసి స్టేషనుకు పోతిమి.

మా కన్నులు కొంత మందగించినవి గాని, చేతివ్రాత యింకను చెడలేదు. సాయంకాలము ఆరుగంటల తరువాత మేము ఇంటనే యుందుము. అర్జీ వ్రాయించుకొనవలసినవారు, తెలుగువారైనను కాకున్నను, మొగమాటపడక రావలెనని ప్రార్థన.