తీసేయడానికీ ఒక హద్దుంది

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రహదారి మీద, నగరం దాటాక కొద్దిసేపటికే సిల్తారా వస్తుంది. చుట్టూ స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు, బొగ్గు లారీలు. చేత్తో చేసిన విల్లుకు చుట్టిన తోలునూ, దాని కింద ఎండిపోయిన జిగురునూ ఎలా ఊడదీయాలన్న ప్రశ్న పట్టుకుని ఇక్కడికి రావడం వింతగా తోచవచ్చు. అయితే ఇక్కడి తిరుగుడు కొలిమి చేసేదీ ఊడదీసే పనే. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి సుమారు 1000 డిగ్రీల వేడిలో తిప్పుతారు. ఖనిజం కరగదు, అందులోని ఆక్సిజన్ మాత్రం పోతుంది, చిల్లులు పడ్డ ఇనుము మిగులుతుంది. వేడి చాలకపోతే ఆక్సిజన్ పూర్తిగా వదలదు. వేడి మితిమీరితే సరుకు ముద్దకట్టి కొలిమి గోడకు అంటుకుంటుంది. పోవలసినది పోవాలి, ఉండవలసినది చెదరకూడదు. విల్లు మీది అలంకారం తీసేవారికి కావలసిన తెలివి కూడా ఇదేనని నా వాదన. ఎలా తీయాలన్నదానికన్నా ఎక్కడ ఆగాలన్నది ముందు తేలాలి.

రాయ్‌పూర్‌లో 1875 నాటి మహంత్ ఘాసీదాస్ మ్యూజియం ఉంది. ఛత్తీస్‌గఢ్ గిరిజన జీవితం గురించి ఆలోచించడానికి అది మంచి చోటు. ఈ ప్రాంతపు గోండుల వెదురు విల్లు విషయంలో మన ప్రశ్న దాదాపు పుట్టనే పుట్టదు. బద్ద వెదురుది, నారి కూడా తరచూ వెదురు చీలికే. పొరలను అతికించే పని లేదు కనుక జిగురూ లేదు. పైన ఏ తాడో గుడ్డో చుట్టి ఉంటే విప్పేయవచ్చు, విల్లు విల్లుగానే ఉంటుంది. మొగలుల కాలపు సంయుక్త విల్లు సంగతి వేరు. మధ్యలో కర్ర, విలుకాడి వైపు కొమ్ము, గురి వైపు జంతువుల స్నాయువుల నారలు. ఈ మూడింటినీ పట్టి ఉంచేది జంతువుల తోలు నుంచో, చేపల గాలితిత్తి నుంచో తీసిన జిగురు. పైన తోలో, భూర్జపు బెరడో కప్పి, దాని మీద రంగులూ పూతా వేసేవారు. ఆ కప్పు అందానికి మాత్రమే కాదు, లోపలి నారలకు తేమ తగలకుండా కాపాడేదీ అదే. కాబట్టి అలంకారం ఎక్కడ ముగిసి విల్లు ఎక్కడ మొదలవుతుందో కంటితో చూసి చెప్పడం కష్టం.

ఆ గీత ఎక్కడుందో చెప్పేది జిగురే. పిడి దగ్గర, కనిపించని మూల, చిన్న చోట పరీక్షించాలి. వెచ్చని తడి దూది కాసేపు ఆనిస్తే మెత్తబడి వేలికి అంటుకునేది జంతువుల జిగురు. నీటికి తెల్లబడి మెత్తనయ్యేది వడ్రంగులు వాడే తెల్ల జిగురు. వేలితో రుద్దితే రబ్బరులా ఉండకట్టేది తోలుపనివారు వాడే రకం. నీటికీ, రుద్దుడికీ చలించకుండా గట్టిగా ఉండేది చాలావరకు ఎపాక్సీ. చిక్కు ఇక్కడే ఉంది. తోలును వదిలించే వెచ్చదనం, తడి ఆ తోలు కింద నారలను పట్టి ఉంచిన జిగురునూ వదులు చేస్తాయి, ఎందుకంటే పైజిగురూ లోపలి జిగురూ ఒకే జాతివి. ఆల్కహాల్ జంతువుల జిగురులోని తేమను లాగేసి పెళుసు చేస్తుంది, అప్పుడది పెచ్చుగా లేస్తుంది. కానీ పైన లక్కపూత ఉంటే అదే ఆల్కహాల్ దాన్ని కరిగించేస్తుంది. ఫైబర్‌గ్లాస్ పొరల ఆధునిక విల్లులోనూ ఇంతే. తోలు ఊడాలని ఎక్కువ వేడి పెడితే పొరలను కలిపిన ఎపాక్సీ కూడా సడలవచ్చు. మందు ఒక పొరకు మాత్రమే తగలాలంటే మోతాదు తక్కువగా, ఓపిక ఎక్కువగా ఉండాలి.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. విల్లును ఎక్కుపెట్టి వాడేవాడికి కప్పు కింద పగులు ఉందో లేదో తెలియాలి, సగం తీసి ఆగితే ప్రాణం మీదికి వస్తుంది కదా? నిజమే. అనుమానం ఉన్న విల్లును లాగకూడదు. కానీ పగులు వెతికే తొందరలో కత్తి వాడితేనే కొత్త పగులు పుడుతుంది. లాగినప్పుడు గురి వైపు ముఖం సాగుతుంది, దాని మీద అడ్డంగా పడ్డ సన్నని గాటు కూడా చీలికకు మొదలు కాగలదు. కాబట్టి కప్పంతా ఒలవకుండా అనుమానమున్న చోట మాత్రమే, కొన తేలని ప్లాస్టిక్ పలకతో, విల్లు పొడవు వెంబడి తెరవాలి. మిగిలిన జిగురును గరుకు కాగితంతో నున్నగా రుద్దేస్తే సరిపోతుందనే వారూ ఉంటారు. ఆ కాగితానికి జిగురేదో నారేదో తెలియదు, రెంటినీ తినేస్తుంది. నా వస్తువు నా ఇష్టం అన్నది మూడో మాట. నిన్న మొన్న చేసిన విల్లుకైతే అది చెల్లుతుంది. నూరేళ్లు దాటిన విల్లు 1972 నాటి పురావస్తువుల చట్టపు నిర్వచనంలోకి వస్తుంది. దాని మీది పూత, తోలు, జిగురు అన్నీ అది ఎలా తయారైందో చెప్పే సాక్ష్యాలే. అలాంటిదాన్ని మ్యూజియం సంరక్షకులకు చూపించాలి.

జిగురే ఇంత తలనొప్పి అయితే జిగురు లేని విల్లే మేలు కదా అనవచ్చు. అదీ మన దేశంలో జరిగింది. వానాకాలపు తేమకు సంయుక్త విల్లు నిలవదు కనుక ఉక్కు విల్లులు చేశారు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో అలాంటి భారతీయ విల్లులున్నాయి. ఉక్కు పుట్టే సిల్తారాలో నిలబడి చూస్తే ఇది సరైన ముగింపులా అనిపిస్తుంది, కానీ ప్రశ్న తీరలేదు, చోటు మార్చుకుంది. ఉక్కు మీది కోఫ్త్‌గరీ పనిలో ముందు లోహం మీద సన్నని గాట్లు పెట్టి, వాటిలోకి బంగారు తీగను సుత్తితో దించుతారు. తుప్పు గీకితే బంగారమూ లేచిపోతుంది. వెదురైనా, కొమ్మైనా, ఉక్కైనా ముందు అలంకారం దేన్ని పట్టుకుని ఉందో తెలుసుకోవాలి, ఆ పట్టు విల్లుదైతే చేయి వెనక్కి తీసుకోవాలి. పలచని జిగురు పొర మిగిలిన విల్లు బాణం వేస్తుంది. ఆ పొర కోసం నారలు గీకేసిన విల్లు వేయదు.